విషానికి పొలిమేర లేదు

ఫ్యాక్టరీ విషపు నీరు ఏ వూరి పొలిమేర దగ్గరా ఆగదు. దానిపై ఏ వూరికి ఆ వూరు విడిగా పోరాడితే ఫలితం వుండదని మన పటాన్‌చెరు ప్రాంత అనుభవమే చెబుతున్నది.

1970 దశకం నుంచి పటాన్‌చెరు, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలు, రసాయన ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మురుగు నక్కవాగులో పడి మంజీరకు చేరింది. బావులు చెడిపోయాయి. పంటలు మాడాయి. 1986 నాటికి రైతులు, డాక్టర్ కిషన్‌రావు వంటి వారు కలిసి కాలుష్య వ్యతిరేక కమిటీగా ఏర్పడ్డారు. 1990లో ఒక పర్యావరణ న్యాయ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టు మెదక్ జిల్లా జడ్జి చేత నష్టం విచారణ జరిపించి, రైతులకు పరిహారం ఇప్పించింది. ఆ కేసు 2001లో హైకోర్టుకు, 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పుకు వచ్చింది. రైతు దగ్గర చెడిన పొలం, డాక్టరు దగ్గర రోగుల వివరం, వకీలు దగ్గర చట్టం వున్నాయి. ఈ మూడూ కలిశాయి గనుకనే 27 ఏళ్ళు కేసు నిలిచింది.

అయినా విషం పోయిందా? 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు వున్నట్లు తేలింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో వుండే మోతాదు కంటె అది ఎక్కువ. ఆ కేంద్రం నీటిని తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా అంబర్‌పేట వైపు మళ్ళించారు. అక్కడి నుంచి దారి మూసీకే. మన వాకిలి వూడ్చి పక్కవాడి వాకిట్లో పోసినట్లయింది. మూసీ కాలువల కింద సాగుచేసే నల్లగొండ రైతూ మన వంటి వాడే. కాబట్టి మంజీర సంఘాలు, మూసీ సంఘాలు ఒక చోట కూర్చోవలసి వున్నది.

చట్టం మన వైపే వుంది. 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలను ఫ్యాక్టరీలో మామూలుగా 90 రోజులకు మించి నిల్వ వుంచరాదు. తరలించే బండి వెంట మానిఫెస్టు అనే రవాణా కాగితం వుండి తీరాలి. రాత్రివేళ వాగు గట్టున ట్యాంకరు ఆగితే నంబరు, సమయం రాసుకోండి, ఫొటో తీయండి. ఆ నీటిని ముట్టుకోవద్దు. పోలీసులకు, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసి, దిగువ గ్రామాలకు ఆ రాత్రే కబురు చేయండి. ట్రిబ్యునల్‌కు వెళ్ళదలచినవారు ఆరు నెలల గడువు దాటనీయరాదు.

ఫ్యాక్టరీలు వద్దని ఎవరూ అనడం లేదు. వాటిలో మన పిల్లలూ పనిచేస్తున్నారు. తమ చెత్త ఖర్చు తామే భరించమని అడుగుతున్నాము. మండలి అధికారులు వాగుల, చెరువుల నీటి పరీక్షల ఫలితాలను తెలుగులో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. వాగు వెంట వున్న గ్రామాలన్నీ ఒకే కమిటీగా నిలబడాలి. ఎగువ వూరు మౌనంగా వుంటే దిగువ వూరు తాగేది విషమే.