దాద్ బాకీ

ముషాయిరాలో షాయర్ ఒక షేర్ చదవగానే సభ "వాహ్ వా" అంటుంది. బాగా నచ్చితే "ముకర్రర్" అని మళ్లీ చదివించుకుంటుంది. దీన్నే దాద్ ఇవ్వడం అంటారు. దాద్ అంటే మెచ్చుకోలే కాదు, న్యాయం కూడా. తెలుగులో మనం "దాదాఫిర్యాదు లేదు" అంటాం కదా, అందులో ఉన్న దాద్ ఇదే. ఆన్‌లైన్‌లో కథలు రాసేవాడి పరిస్థితి సరిగ్గా ఆ మాటే.

నేను కన్యాశుల్కం ముగిసిన చోట మొదలుపెట్టాను. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. గురజాడ అక్కడితో ఆపేశారు. ఆ పిల్ల పూనాలో ఏం చదివింది? తల్లికి ఉత్తరం రాసిందా? గిరీశం గుర్తొచ్చాడా? ఈ సవాళ్లు నన్ను నిద్రపోనివ్వలేదు. తొమ్మిది భాగాలు రాశాను. అన్నిటికీ కలిపి వచ్చిన జవాబులు రెండు. ఒకటి "తర్వాతి భాగం ఎప్పుడు?" రెండోది శుభోదయం బొమ్మ. పదో భాగం సగంలో వదిలేశాను.

"పరాయి పాత్రలతో రాస్తే ఎవరు చదువుతారు? సొంతంగా రాయి" అన్నారు దోస్తులు. ఇది నేను ఒప్పుకోను. అమీర్ హమ్జా దాస్తాన్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ కిస్సాకు అంటుకట్టి పెంచిందే తిలిస్మ్-ఎ-హోష్రుబా. 1883 నుంచి లక్నో నవల్ కిషోర్ ప్రెస్ అచ్చేసింది. మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే, తర్వాత అహ్మద్ హుసేన్ ఖమర్ అందుకున్నాడు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రకూ గోల్డ్‌స్మిత్ నవల ప్రేరణ ఉంది.

సమస్య పాత్రలది కాదు, ఖామోషీది. దాస్తాన్‌గోకి శ్రోత ఎదురుగా ఉండేవాడు. ఆ శ్రోతలూ ఒకనాటికి పల్చబడ్డారు. ఢిల్లీలో ఆఖరి పేరున్న దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ చివరి రోజుల్లో వక్కలు అమ్ముకున్నాడని చెబుతారు. 1928లో ఆయన కన్నుమూశాడు. 2005లో షంసుర్ రహ్మాన్ ఫారూఖీ చొరవతో మహమూద్ ఫారూఖీ దాస్తాన్‌గోయీని మళ్లీ వేదిక ఎక్కించారు. నడుమ డెబ్భై ఏడేళ్లు! బాఖర్ అలీకి ఆ చప్పట్లు వినబడలేదు.

అంత దూరం ఎందుకు, మా కడియంలోనే చూడండి. నర్సరీల్లో మామిడి టెంక మొక్కకు మంచి రకం కొమ్మ తెచ్చి అంటు కడతారు. వేరు ఒకరిది, కొమ్మ మరొకరిది, మెహనత్ కట్టినవాడిది. చిగురు వేసేదాకా కట్టు విప్పి చూడకూడదు. తర్వాత మొక్కలు లారీ ఎక్కి వేరే రాష్ట్రాలకు పోతాయి. అవి ఏ పెరట్లో కాశాయో కట్టినవాడికి తెలియదు. చచ్చిన మొక్కకు ఫోన్ వస్తుంది గానీ, కాసిన మొక్కకు రాదు. అయినా రేపు పొద్దున్నే అతను మళ్లీ చాకు పట్టుకుని కూర్చుంటాడు.

అలాగని దాద్ అక్కర్లేదని నేను అనను. అలా అనేవాళ్లు ఝూటా మాట చెబుతున్నారు. రాసేవాడికి ఆకలి ఉంటుంది. కానీ లెక్క చూసుకుంటే నా ఖాతాలోనూ బాకీ ఉంది. ఎందరి కథలో రాత్రిళ్లు మేలుకుని చదివాను. ఒక్కరికీ ఒక్క ముక్క రాయలేదు. నాలాంటి వాళ్లే నా పాఠకులు కూడా అయి ఉండొచ్చు. మౌనం అంటే ఇన్కార్ కాదని నాకు అర్థమైంది అప్పుడే.

అందుకని ఒక తరీఖా పెట్టుకున్నాను. భాగం పెట్టిన రోజు ఎవరు చూశారో లెక్కపెట్టను. "ఎలా ఉంది?" అని పదిమందిని అడగను. కన్యాశుల్కం బాగా చదివిన ఒక్కరిని పట్టుకుని "బుచ్చమ్మ ఈ మాట అంటుందా?" అని అడుగుతాను. ఆ ఒక్క జవాబు వంద వాహ్ వాలకు సమానం. ఇంకొకటి, ఎవరి కథ చదివినా నచ్చిన వాక్యం ఏదో చెప్పి గానీ లేవను.

పదో భాగం మళ్లీ తీశాను. బుచ్చమ్మ తల్లికి ఉత్తరం రాస్తోంది. జవాబు వస్తుందో రాదో ఆమెకూ తెలియదు.