రూపాయి పడుతోంది సరే, ఎవరి నెత్తిన?

2025 డిసెంబరు 3న డాలరు మొదటిసారి 90 రూపాయలు దాటింది. అదే రోజు కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు వి. అనంత నాగేశ్వరన్‌ను దాని గురించి అడిగారు. ఇందుకోసం తానేమీ నిద్ర చెడగొట్టుకోవడం లేదన్నారు. ధరల మీద గానీ, ఎగుమతుల మీద గానీ దెబ్బేమీ పడలేదన్నారు.

ఆయన నిద్ర ఆయనిష్టం. నా కడుపు మండేది ఆ రెండో మాటకు. దెబ్బేమీ పడలేదట! ఎవరికి పడలేదు? ఎక్కడ కూర్చుని చూస్తే దేశం ఇంత చల్లగా కనిపిస్తుంది?

రూపాయి పడటమే మహాపాపమని నేననడం లేదు. కారణాలున్నాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద 50 శాతం సుంకం వేసింది. విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకుని డాలర్లు పట్టుకుపోయారు. పది గ్రాముల ధర లక్ష దాటినా బంగారం కొనడం మనం మానలేదు. అక్టోబరు ఒక్క నెలలోనే వాణిజ్య లోటు 41 బిలియన్ డాలర్లు దాటిపోయింది. ఇలాంటప్పుడు రిజర్వు బ్యాంకు ఉన్న డాలర్లన్నీ బజారులో కుమ్మరించి రూపాయిని ఒక గీత దగ్గర నిలబెట్టాలనడం కూడా తెలివైన పని కాదు. పడాల్సి వస్తే పడనివ్వండి. కానీ ఆ భారం ఎవరు మోస్తున్నారో చెప్పండి. మోసేవాడికి చెయ్యి అందించండి. ఈ రెండూ చెయ్యకుండా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడాన్నే నేను నేరమంటున్నాను.

ధరలు పెరగలేదన్న మాటనే తీసుకుందాం. లెక్క ప్రకారం అది నిజమే. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతం. కానీ ఆ అంకె అంత అడుక్కి ఎలా దిగింది? కూరగాయల ధరలు కుప్పకూలడం దానికి ఒక పెద్ద కారణం. కూరగాయల ధర కూలడమంటే ఏమిటో ఆ సెప్టెంబరులో కర్నూలు మార్కెట్‌కు ఉల్లి తెచ్చిన రైతును అడగాలి. కొనే నాథుడు లేక బస్తాలు కుళ్ళిపోతుంటే రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొంటామంది. అదీ సరిపోక చివరికి హెక్టారుకు 50 వేలు ఇస్తామనాల్సి వచ్చింది. రూపాయి పతనం ఒక పక్క నుంచి ఖర్చులు పెంచుతుంటే, ఉల్లి రైతు నష్టం ఇంకో పక్క నుంచి సగటును కిందికి లాగింది. ఒకడి కన్నీళ్ళు కలిపితే తేలిన సగటది. దాన్ని చూపించి దెబ్బ పడలేదంటున్నారు.

సగటు పక్కన పెట్టి సరుకు సరుకుగా చూడండి. ఈ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో దిగుతుంది. టన్ను 1,100 డాలర్లు అనుకుందాం. డాలరు 83 రూపాయలున్నప్పుడు అది 91,300. తొంభై అయితే 99,000. అక్కడ చెట్టు మీద గెల ధర పైసా పెరగలేదు. ఇక్కడ కిలోకు 7 రూపాయల 70 పైసలు పెరిగింది. సందు చివర బజ్జీల బండి నడిపే మనిషి ఆ ఏడు రూపాయలు ఎక్కడ సర్దుకోవాలి? ప్లేటుకు నాలుగు బజ్జీలు ఇచ్చే చోట మూడు ఇస్తే గిరాకీ పోతుంది. నాలుగూ ఇస్తే రోజు కూలి పోతుంది.

ముడిచమురు సంగతి ఇంకా పెద్దది. మనకు కావలసిన దానిలో 85 శాతానికి పైగా కొనుక్కోవలసిందే. ఏడాదికి 130 బిలియన్ డాలర్లకు పైగా దానికే పోతుంది. అంటే డాలరు మీద రూపాయి ఒక్కటి జారితే 13 వేల కోట్ల అదనపు ఖర్చు. 2025లో అంతర్జాతీయంగా చమురు ధర తగ్గింది. ఆ తగ్గుదల బంకు దాకా వచ్చిందా? ఏప్రిల్‌లో లీటరుకు రెండు రూపాయల ఎక్సైజు అదనంగా వేసి మధ్యలోనే పట్టుకున్నారు. చమురు తగ్గితే లాభం ఖజానాది, రూపాయి పడితే నష్టం మనది. ఈ పంపకం ఎవరు చేశారు? ఏ సభలో ఓటు వేసి ఒప్పుకున్నాం?

ఇక ఎరువులు. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసల దగ్గర కదలకుండా ఉంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. పొటాష్ మాటేమిటి? మనకు గనులు లేవు, దాదాపు మొత్తం దిగుమతే. 2010లో తెచ్చిన పోషకాల ఆధారిత సబ్సిడీ విధానంలో ప్రభుత్వం సీజనుకింత అని ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. పొటాష్ బస్తా మీద ఇచ్చేది వంద రూపాయలు కూడా ఉండదు. బస్తా ధర మాత్రం 1,500 పైమాటే. సీజను మధ్యలో రూపాయి పడితే సబ్సిడీ కదలదు, బస్తా ధర కదులుతుంది. రైతు ఏం చేస్తాడు? రెండు బస్తాలు వేసే చోట ఒకటి వేస్తాడు. ఆ కోత దిగుబడిలో తేలేసరికి డాలరు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

వీటన్నిటికీ పెద్దల దగ్గర ఒక తయారు జవాబు ఉంటుంది: రూపాయి పడితే ఎగుమతులకు మేలు కదా! ఈ మాట విన్నప్పుడల్లా చెప్పినవాళ్ళను చెయ్యి పట్టుకుని గుంటూరు మిర్చి యార్డుకు తీసుకుపోవాలనిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో డాలరు 87 రూపాయలు దాటింది. అప్పటికి అదే రికార్డు. మన మిర్చి చైనాకూ, థాయిలాండ్‌కూ, బంగ్లాదేశ్‌కూ పోతుంది. వాళ్ళ పుస్తకం ప్రకారం ఆ నెలలో యార్డు కళకళలాడాలి. జరిగిందేమిటి? అంతకు ముందు 20 వేలు, ఆపైన పలికిన క్వింటాలు సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు. కేంద్రం దిగివచ్చి 11,781 రూపాయల మద్దతు ధర ప్రకటించాల్సి వచ్చింది. బయట కొనేవాడి దగ్గర గిరాకీ లేనప్పుడు రూపాయి ఎంత చవకైతే మాత్రం ఏం లాభం?

భీమవరం చెరువు గట్టు మీద ఇంకో పాఠం ఉంది. వనామీ రొయ్యకు తల్లి రొయ్యలు, అదే బ్రూడర్లు, ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో వస్తాయి. వాటికి కట్టేది డాలర్లు. మేతలో కలిపే విటమిన్లు, ఖనిజాల్లో చాలావరకు బయటి సరుకే. ఏరియేటర్లు తిప్పే జనరేటరుకు డీజిలు. రూపాయి పడితే సీడు, మేత, డీజిలు, అన్నిటి మీదా భారం పడుతుంది. రైతు రొయ్యకు పలికే కౌంటు రేటు మాత్రం పైకి కదలదు. అమ్మేవాడికి డాలరుకు అదనంగా నాలుగు రూపాయలు వస్తే అవతలి కొనుగోలుదారు, "మీ కరెన్సీ పడిందిగా, రేటు తగ్గించండి" అని బేరం పెడతాడు. మిగిలిన కాస్తా ప్రాసెసింగ్ ప్లాంటు దగ్గర ఆగిపోతుంది. అదే అమెరికా సుంకం పెరిగిందనగానే ఆ దెబ్బ చెరువు గట్టు దాకా పరుగెత్తుకొచ్చింది. లాభానికి దారి తెలియదు, నష్టానికి మాత్రం రైతు ఇల్లు తెలుసు.

జీడిమెట్లలో ప్లాస్టిక్ మూతలు, డబ్బాలు చేసే చిన్న కార్ఖానా దిగుమతులే చెయ్యదు. ఆ యజమానికి డాలరుతో పనేమిటనుకుంటాం. కానీ అతను కొనే గ్రాన్యూల్స్ ఇక్కడ తయారైనవైనా, ధర మాత్రం దిగుమతి సరుకు ఎంత పడుతుందో చూసే వేస్తారు. రూపాయి పడితే మన దేశంలో పుట్టిన ముడిసరుకు కూడా మనకే పిరమవుతుంది. అతనేమో ఆరు నెలల సరఫరాకు ఒకే రేటని సంతకం పెట్టి ఉంటాడు. పెద్ద కంపెనీలు డాలర్లను ముందుగానే ఒక రేటుకు ఖాయం చేసుకుంటాయి, దానికి వేరే విభాగమే ఉంటుంది. ఇతని దగ్గర ఉన్నది ఒక అకౌంటెంటు, అదీ సాయంత్రం పూట వచ్చేవాడు.

ఫీజులు కట్టే రోజుల్లో ఏ బ్యాంకు విదేశీ మారకం కౌంటరు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. నేను చూసిన చోట ఒక రిటైర్డు మాస్టారు చేతిలో ఫారాలు పట్టుకుని అడుగుతున్నారు: "టీవీలో తొంభై అన్నారు కదమ్మా, ఇక్కడ ఎక్కువ చూపిస్తోందేంటి?" అవతలి అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది: "అది మార్కెట్ రేటు సార్. ఇది మా టీటీ సెల్లింగ్ రేటు. జీఎస్టీ, స్విఫ్ట్ చార్జీ వేరే పడతాయి." ఆయన ఇంకేం అడగలేదు. ఫారం వెనక పెన్నుతో మళ్ళీ కూడికలు మొదలుపెట్టారు.

ఆ కూడికలు ఎందుకు కుదరవో నేను చెబుతాను. 2024 మొదట్లో 40 లక్షల విద్యా రుణం మంజూరైందనుకోండి. ఆనాటి 83 రూపాయల లెక్కన అది 48 వేల డాలర్లు. డబ్బు ఒకేసారి ఇవ్వరు, సెమిస్టరుకింత అని ఇస్తారు. మొత్తం తొంభై లెక్కన మారిస్తే 44 వేలే. ముందు వాయిదాలు పాత రేటుకే వచ్చినా, మిగిలినవి కరుగుతూ పోతాయి. యూనివర్సిటీ ఫీజు తగ్గించదు. ఇంటి అద్దె తగ్గదు. స్థలం కాగితాలు అప్పటికే బ్యాంకు లాకరులో ఉన్నాయి. మధ్యలో ఊడిన ఆ డాలర్లు తండ్రి బయట వడ్డీకి తెస్తాడు, లేకపోతే తల్లి మెడలోది కుదువ పెడతాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క ఎన్ని ఇళ్ళలో నడుస్తోందో పాలకులకు తెలియదా?

లాభపడే వాళ్ళూ ఉన్నారు, లేరనను. డాలర్లలో బిల్లు వేసే ఐటీ కంపెనీలు బాగుపడతాయి. దుబాయిలో కష్టపడే జగిత్యాల, సిరిసిల్ల కూలి పంపే దిర్హాముకు 24 రూపాయలు పైన వస్తున్నాయి, సంతోషం. కానీ ఇంటి దగ్గర భార్య కొనే నూనె, పప్పు, బిడ్డ పెళ్ళికి చేయించే తులం బంగారం, అన్నీ అదే డాలరు వెంట పరుగెడుతుంటే ఆ లాభంలో చేతికి మిగిలేదెంత?

రాజకీయం సంగతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. 2013 ఆగస్టులో డాలరు 68 దాటితే అప్పటి ప్రతిపక్షం దేశం మునిగిపోయిందని గొంతు చించుకుంది. ఆ పక్షమే అధికారంలోకి వచ్చాక, 2022లో ఆర్థిక మంత్రి వాషింగ్టన్‌లో నిలబడి రూపాయి జారడం లేదు, డాలరే బలపడుతోందని వివరించారు. 2013లో సర్దిచెప్పినవాళ్ళు ఈనాడు ఆవేశపడుతున్నారు. కుర్చీలు మారితే డైలాగులు మారాయి. కౌంటరు ముందు నిలబడ్డ మాస్టారికి ఒరిగిందేమీ లేదు.

ఒకప్పుడు ఈ విషయంలో కనీసం భయమంటూ ఉండేది. 1991 జూలై 1న రూపాయి విలువ ఒకసారి తగ్గించారు. విమర్శలు చూసి ప్రధాని పీవీ వెనకాడారు, రెండోది ఆపమన్నారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ 3వ తేదీ ఉదయం ఫోను చేసేసరికి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్ అప్పటికే ప్రకటించేశారు. ఆ నెలలోనే 47 టన్నుల బంగారం విదేశాలకు తాకట్టు పోయింది. ఆ నిర్ణయాలు మంచివా కావా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ జనం ఏమంటారో అన్న బెరుకు ఆ ప్రధానికి ఉంది. ఇవాళ ఆ బెరుకు కూడా లేదు.

మనమేం తక్కువ తిన్నాం? 2003 నుంచి పదేళ్ళ పాటు వరసగా వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు అనే ఇద్దరు తెలుగువాళ్ళను రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా చూసిన జాతి మనది. వాళ్ళ ఫొటోలు గర్వంగా పంచుకుంటాం. డాలరు రేటు మన వంటింట్లోకి ఎలా వచ్చిందని మాత్రం ఎవరినీ నిలదియ్యం.

అందుకే రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్ళిన 42 మందికి చెబుతున్నాను. నాలుగు అడగండి. రూపాయి ఒక్కటి పడితే నూనె మీద ఎంత, ఎరువు మీద ఎంత, డీజిలు మీద ఎంత, ఎవరి జేబు నుంచి పోతుందో బడ్జెట్‌తో పాటు ఏటా ఒక కాగితం పెట్టమనండి. సీజను మధ్యలో రూపాయి పడితే ఎరువుల సబ్సిడీ కూడా మధ్యలోనే సవరించమనండి. చదువు సగంలో ఉన్న పిల్లలకు మారకం తేడా మేరకు రుణం పెంచమనండి, కొత్త తాకట్టు అడగకుండా. బ్యాంకు రసీదు మీద మార్కెట్ రేటు, తమ రేటు పక్కపక్కన అచ్చు వెయ్యమనండి. వీటిలో ఒక్కదానికీ రాజ్యాంగం మార్చక్కర్లేదు. మనసుంటే చాలు.

జవాబు రాతపూర్వకంగా తెప్పించండి. మళ్ళీ ఓటు కోసం మా గడప తొక్కేటప్పుడు ఆ కాగితం చేత్తో పట్టుకుని రండి. లేకపోతే రావద్దు.