ఉప్పు షెడ్డుకి సంతకం పెట్టేముందు

మంచు మొదలయ్యాక ఉప్పు షెడ్డు గురించి ఆలోచిస్తే ఆలస్యమైనట్టే. రోడ్ల మీద, పార్కింగు స్థలాల్లో చల్లే ఉప్పు ట్రక్కులకొద్దీ దిగేది శీతాకాలానికి ముందే. ఎక్కడ పోయించాలన్న ప్రశ్నకు ఆ హడావుడిలో ఎవరో ఒకరు చెప్పే జవాబు ఇది: "వెనక ఖాళీ గోదాము ఉంది కదా, అందులో పోయించేద్దాం." దయచేసి ఆ పని చేయకండి. సరుకులు దాచుకోవడానికి కట్టిన గోదాము విడి ఉప్పుని ఆపలేదు. ఆ సంగతి పట్టించుకోని చోట గోడలు కూలతాయి, బావులు పాడవుతాయి.

ఇది మున్సిపాలిటీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ, టొరంటో చుట్టుపక్కల మనవాళ్లు మోటళ్లు, పెట్రోలు బంకులు, దుకాణ సముదాయాలు నడుపుతున్నారు. అరోరా, పిట్స్‌బర్గ్, బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుళ్లకి చలికాలంలోనూ భక్తులు కార్లలోనే వస్తారు. గుడి కమిటీల్లో, ఇళ్ల సంఘాల్లో, టౌన్ కౌన్సిళ్లలో మనవాళ్లు కూర్చుంటున్నారు. ఉప్పు నిల్వ తీర్మానం రేపు మీ ముందుకే రావచ్చు.

2014 డిసెంబరు 30న షికాగోలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎల్‌స్టన్ అవెన్యూలో మోర్టన్ సాల్ట్ కంపెనీ గోదాము గోడ ఒకటి కూలింది. లోపలి ఉప్పు ఒక్కసారిగా బయటికి పొర్లి, పక్క షోరూములో నిలిపిన కార్లను కప్పేసింది. ఎవరికీ గాయాలు కాలేదు. ఆ వేళకి గోడ పక్కన మనుషులు లేకపోవడం అదృష్టం, అంతే. ఉప్పు వ్యాపారంలో తలపండిన కంపెనీ గోడకే ఆ గతి పడితే, ఉప్పు సంగతి తెలియని వాళ్లు కట్టిన మామూలు గోడ ఏపాటిది?

కుప్పగా పోసిన ఉప్పు కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ గోడను పక్కకి తోస్తూనే ఉంటుంది. ఘనపు మీటరు ఉప్పు టన్నుంపావుకి పైగా తూగుతుంది. దాని రాశి సుమారు 32 డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. ఆ లెక్కన 1,000 టన్నుల ఉప్పుని ఏ గోడా లేకుండా ఒకే కుప్ప పోస్తే అడుగున 21 మీటర్ల వెడల్పు, నడుమ ఆరున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. అంత చోటు లేక గోడకి ఆనించి పోస్తాం. మూడు మీటర్ల ఎత్తున ఆనించామంటే గోడ పొడవులో ప్రతి మీటరు మీదా సుమారు ఒకటిముప్పావు టన్నుల తోపు పడుతుంది. ఎత్తు రెట్టింపు చేస్తే ఆ తోపు నాలుగింతలవుతుంది, గోడను మొదలంటా పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. లోడరు ఉప్పుని ఎగదోసేటప్పుడు తగిలే దెబ్బలు దీనికి అదనం. మామూలు గోదాము గోడని పైకప్పు మోయడానికి, గాలికి నిలవడానికి కడతారు. ఇంత పక్కతోపు దాని లెక్కలోనే ఉండదు.

కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరు చేత లెక్క కట్టించి, ఉప్పు ఎంత ఎత్తువరకు పోయవచ్చో రాయించుకోండి. ఆ ఎత్తు దగ్గర గోడ లోపలివైపు చుట్టూ ఎర్రగీత గీయించండి. ఎంత చవగ్గా దొరికినా, తుపాను ఎంత పెద్దదని చెప్పినా, గీత దాటి ఒక్క పార కూడా పోయనివ్వకండి.

గోడ నిలిచినంత మాత్రాన పని అయిపోలేదు. ఉప్పు ఇనుముని తింటుంది. కాంక్రీటులోకి ఇంకిన క్లోరైడు లోపలి ఇనుప చువ్వలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటుని లోపలినుంచి పగలగొడుతుంది. పైకి పెచ్చులు ఊడేసరికి లోపలి చువ్వ సగం పోయి ఉండవచ్చు. కలపకి ఆ చేటు తక్కువ. ఉత్తర అమెరికాలో ఎన్నో ఉప్పు షెడ్లు, గుమ్మటాలు కలపతో కట్టడానికి ఒక కారణం అదే. కాంక్రీటు గోడల మీద దళసరి బట్ట కప్పే షెడ్లు త్వరగా లేస్తాయి. కానీ బట్టని మోసే చట్రానికి తుప్పు పట్టని పూత ఉందా, మీ ఊరి మంచు బరువుకీ గాలికీ లెక్క కట్టారా అని అడగాలి. రేకుల షెడ్డు అయితే రేకుకీ బోల్టులకీ ఉప్పు తగలకుండా లోపల వేరే గోడ ఉండాల్సిందే.

అన్నింటికన్నా పెద్ద ముప్పు నీటికి. గోడ కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. భూగర్భజలంలో కలిసిన ఉప్పు మాత్రం కుళ్లదు, విరగదు, ఆవిరైపోదు. ఒక్క చెంచా ఉప్పు 5 గ్యాలన్ల నీటిని, అంటే దాదాపు 19 లీటర్లని, శాశ్వతంగా పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ ప్రజలకి చెబుతోంది. మంచినీటి జీవులకి దీర్ఘకాలంలో హాని కలగకుండా లీటరుకి 230 మిల్లీగ్రాముల క్లోరైడు హద్దుగా ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ 1988లోనే సూచించింది. లెక్క వేసి చూడండి: మీ షెడ్డునుంచి ఒక్క టన్ను ఉప్పు కరిగిపోతే, 26 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకి చేర్చడానికి అది చాలు. కెనడా ప్రభుత్వం 2001లో రోడ్డు ఉప్పు పర్యావరణానికి హానికరమని తేల్చి, 2004లో నిల్వకీ వాడకానికీ కలిపి నియమావళి తెచ్చింది.

శివార్లలో చాలా ఇళ్లకి సొంత బావి నీరే ఆధారం. రక్తపోటుతో ఉప్పు తగ్గించుకున్న పెద్దలు ఆ ఇళ్లలో ఉంటారు. నీటిని కాచితే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. మామూలు ఫిల్టరు దాన్ని పట్టలేదు.

నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవారికి, రాశి మీద తాటాకు కప్పితే చాలదా అనిపించవచ్చు. అది సముద్రపు ఒడ్డు. అక్కడ కరిగిన ఉప్పు తిరిగి ఉప్పునీటిలోకే పోతుంది. షికాగో శివార్లలో టార్పాలిన్ చిరిగి కారిన ఉప్పు పొరుగువారి బావిలోకి దిగుతుంది.

అందుకే ముందు స్థలం ఎంచుకోండి, షెడ్డు తర్వాత. బావులకీ వాగులకీ దూరంగా, వరదనీరు రాని మెరక మీద ఉండాలి. నేల మట్టిగానో కంకరగానో ఉంటే ఒప్పుకోకండి. తారుతోనో, పైపూత వేసిన గట్టి కాంక్రీటుతోనో నీరు ఇంకకుండా పరిపించండి. బయటి వాననీరు లోపలికి పారకూడదు, లోపల ఊరిన ఉప్పునీరు విడిగా గుంటలోకి చేరాలి. వాకిలి గాలివాటుకి ఎదురుగా ఉండకూడదు.

తలుపు ఎత్తు విషయంలో పొదుపు చేయకండి. తొట్టె పైకెత్తిన పెద్ద ట్రక్కుకి లోపల చోటు చాలకపోతే డ్రైవరు ఉప్పుని బయటే దించి వెళ్తాడు. లోడరు దాన్ని లోపలికి నెట్టేలోపు వాన పడిందా, అంత ఖర్చుపెట్టి కట్టిన కప్పు ఎందుకూ కొరగాదు. ఎత్తు చాలకపోతే వాకిలి ముందు కూడా నీరు ఇంకని నేల పరిపించి, దించిన ఉప్పుని ఆ పూటే లోపలికి ఎత్తించి, నేల ఊడిపించండి.

ఇంత ఖర్చు ఎందుకంటారా? కొద్ది టన్నులే వాడే గుడికీ మోటలుకీ సొంత షెడ్డు అక్కరలేదు. బస్తాల్లో తెప్పించి, పొడి గదిలో నేలకి తగలకుండా పేర్చుకోండి. కాంట్రాక్టరుకి పని అప్పజెబితే, మీ ఆవరణలో ఉప్పు ఆరుబయట కుప్ప పోయకూడదని ఒప్పందంలో రాయించండి. పెద్ద మొత్తాల్లో నిల్వ చేయక తప్పనివాళ్లు ఖర్చుకి వెనకాడటం తగదు. మనం మిగుల్చుకున్న డబ్బుకి పొరుగువాళ్లు తమ తాగునీటితో మూల్యం చెల్లించకూడదు.

రాబోయే సమావేశంలోనే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ గోడ ఎంత ఎత్తు ఉప్పుని ఆపుతుందని ఇంజినీరు సంతకం చేశాడు? నేలమీది ఉప్పునీరు ఎటు పోతుంది? దగ్గరి బావి ఎంత దూరంలో ఉంది? ట్రక్కు ఎక్కడ దించుతుంది? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద చూపించేదాకా మీ ఓటు వేయకండి, మీ సంతకం పెట్టకండి.