ఈసారి సర్వీసు ఎవరిది?

ఆత్మకూరు, వెలుగోడు, నంద్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి డాలస్‌లో స్థిరపడిన మన కుటుంబాల పత్రిక ఈస్టరు సంచిక మూడు వారాలు ఆలస్యమైంది. ప్రెస్సువాళ్ల తప్పేమీ లేదు. ఈ పేజీ ఎలా రాయాలో తెలియక నేనే ఆపాను.

క్రిస్మస్ కార్యక్రమం రోజు ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. రానివాళ్లకు వాట్సాప్ గ్రూపు ఆ రాత్రే చెప్పేసింది. పేర్లు రాయను. రెండు నెలలు సాధన చేసుకుని వచ్చిన పిల్లల చేతిలోంచి పాట మధ్యలో మైకు తీసేసుకున్నాం. తీసుకున్నది ఒకరే అయినా, నోరు మెదపకుండా చూస్తూ కూర్చున్నది మనందరం. అప్పటి నుంచి సౌండ్ బల్ల దగ్గర కుర్రవాళ్లు లేరు. గిటారు వినబడటం లేదు. సండే స్కూల్లో చిన్నపిల్లల్ని చూసుకునే అమ్మాయిలిద్దరూ "చదువుకోవాలి అంకుల్" అని తప్పుకుంటున్నారు. మన పెద్దలేమో "ఈ కాలం పిల్లలకు రోషం ఎక్కువ" అని తేల్చేసి విందు లెక్కల్లో పడ్డారు. నాకైతే నిద్ర పట్టడం లేదు. తెర మీద పాటలు వేసే పని వదిలేసి వెనక బెంచీలో కూర్చుంటున్నది మా పాప.

దీనికి తోడు ఆదివారం టోర్నమెంట్ల గొడవ. స్త్రీల కూడికలో ప్రతి వారం ఇదే మాట: క్లబ్ ఆటలు పెట్టి మన పిల్లల్ని దేవుని మందిరానికి దూరం చేస్తున్నారని. నేనూ అదే అన్నవాణ్ణి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తప్పనిసరై, ఆరాధన మానుకుని పాపను వాలీబాల్ పోటీలకు తీసుకెళ్లాను. కోపంతోనే వెళ్లాను.

పెద్ద హాలు. ఒకే కప్పు కింద వరసగా కోర్టులు, చెవులు దిమ్మెక్కేలా ఈలలు. మా పాప జట్టు మొదటి ఆటే ఓడిపోయింది. బ్యాగు సర్దుకుని వస్తుందని లేచి నిలబడ్డాను. రాలేదు. ఆ పోటీల్లో ఆట లేని జట్టు ఊరికే కూర్చోకూడదట, పక్కవాళ్ల ఆటకు పని చెయ్యాలట. ఒకరు స్కోరు రాయాలి, ఒకరు గీత దగ్గర నిలబడాలి. మా పాప మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ వెళ్లి, కోర్టు మూలన జెండా పట్టుకుని నిలబడింది. బంతి గీత మీద పడిందా, అవతల పడిందా అని నడుం వంచి చూస్తోంది. ఎవరో పేరు కూడా తెలియని పిల్లల ఆట కోసం, ఓడిన బాధ ఇంకా ఆరకముందే, ముప్పావు గంట అలా నిలబడింది.

కారులో వస్తూ అడిగింది: "నాన్నా, మన చర్చిలో రొటేషన్ ఎందుకు లేదు?"

జవాబు చెప్పలేకపోయాను. వాలీబాల్ ఆడినవాళ్లకు ఆ మాటలో బరువు వెంటనే తెలుస్తుంది. సర్వీసు మన చేతికి తిరిగొచ్చిన ప్రతిసారీ ఆరుగురూ ఒక్కో చోటు జరగాలి. ఎంత గట్టిగా స్మాష్ కొట్టేవాడైనా వెనక వరసకు పోవాల్సిందే, వెనక వరసలోనే ఆడే లిబెరో తప్ప, ఎంత పొట్టివాడైనా నెట్ దగ్గరికి రావాల్సిందే. సర్వీసు చేసే వంతు దాదాపు అందరికీ వస్తుంది. బ్లాకు సంగతి వేరు గానీ, ఒకే మనిషి వరసగా రెండుసార్లు బంతి ముట్టుకుంటే పాయింటు అవతలివాళ్లది. ఇక మన సంఘం చూడండి. పన్నెండేళ్లుగా మైకు ఒకరి దగ్గరే, కానుకల లెక్క ఒకరి దగ్గరే, సింకు దగ్గర గిన్నెలు తోమేది ఆ ముగ్గురు అక్కలే. ప్రకటనలు చదివేది తొమ్మిదేళ్లుగా నేనే. తొమ్మిదేళ్లలో "నువ్వు చదువుతావా" అని ఒక్క పిల్లనైనా అడిగానా? అడగలేదు.

అడగాలని నాకు తెలియక కాదు. ఆత్మకూరులో మా చర్చి ఆవరణలో కోర్టుకు ఒక పక్క స్తంభం వేపచెట్టే. ఎండ దిగాక బిందెతో నీళ్లు చల్లితే గానీ దుమ్ము అణిగేది కాదు. శనివారం శనివారం సున్నం గీతలు మేమే వేసుకునేవాళ్లం. మా ఆరుగురిలో ఇద్దరు మసీదు వీధి కుర్రాళ్లు. ఉపదేశిగారు లిఫ్టర్. లుంగీ ఎగ్గట్టి నెట్ కింద నిలబడితే, బంతి ఎంత వంకరగా వచ్చినా కొట్టేవాడి చేతి ఎత్తుకు సరిగ్గా లేపేవారు. ఆయన స్మాష్ కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒక ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు బైబిలు నా చేతిలో పెట్టి "ఈ పొద్దు నీది రా అబ్బీ" అన్నారు. రెండుచోట్ల తప్పు చదివాను. ఆయన దిద్దలేదు. మరుసటి ఆదివారం ఆ బైబిలు నా పక్కన కూర్చునేవాడి చేతికి పోయింది.

మన ఊళ్లకు ఆ ఆట వచ్చిన దారి కూడా ఇక్కడ చెప్పాలి. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో విలియం మోర్గన్ వాలీబాల్‌ను తయారుచేసింది వైఎంసీఏలోనే. 1920లో మద్రాసులో హ్యారీ బక్ పెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల మన దక్షిణాది బడులకు డ్రిల్లు మాస్టార్లను తయారుచేసి పంపింది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు కూడా 1912లో అభిషేకం పొందకముందు వైఎంసీఏ కార్యదర్శే. మన నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు తర్వాత ఆ దోర్నకల్ కిందికే వచ్చాయి. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి చేతా, చదువు రాని కూలివాడైనా సరే, తల మీద చెయ్యి పెట్టించి సువార్త చెప్పే పూచీ తనదేనని పలికించేవారాయన. ఆయన లెక్కలో కూర్చుని చూసే క్రైస్తవుడంటూ లేడు.

నేను ఆరాధన మానేసిన మరుసటి వారం ఒక పెద్దాయన ఎరిక్ లిడెల్‌ను గుర్తుచేశారు. సరైన మాటే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పరుగు ఆదివారం పడిందని లిడెల్ పరుగెత్తలేదు. తర్వాత నాలుగొందల మీటర్లలో బంగారు పతకం గెలిచారు. మన పిల్లలకు ఆ గట్టితనం రావాలనే నా ప్రార్థన. అయితే ఆయన కథ పారిస్‌తో అయిపోలేదు. చైనాలో మిషనరీగా పనిచేస్తూ, యుద్ధంలో వైషియన్ నిర్బంధ శిబిరంలో చిక్కుకుని, 1945లో అక్కడే కన్నుమూశారు. ఆ శిబిరంలో పిల్లలు ఒక ఆదివారం రిఫరీ లేకుండా హాకీ ఆడి కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం రిఫరీగా లిడెల్ నిలబడ్డారు. తన పతకం కోసం ఆదివారాన్ని వదులుకోని మనిషి, పిల్లలు చెదిరిపోకూడదని వాళ్ల మధ్యకు వెళ్లారు. మనం ఆయన పేరు ఎత్తేది పిల్లల్ని నిలదీయడానికే అయితే ఆయనకు అన్యాయం చేసినట్టే.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఈ వారం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. యెరూషలేము సంఘంలో లేచిన సణుగుడు ఎవరిది? గ్రీకు భాష మాట్లాడే యూదులది. తమ విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదని వాళ్ల బాధ. ఎక్కువమంది బయటి దేశాల్లో పుట్టి పెరిగి వచ్చినవాళ్లు. రక్తం ఒకటే, నాలుక మీది మాట వేరు. ఇంట్లో ఇంగ్లీషులో జవాబిచ్చే మన పిల్లలే నాకు అక్కడ కనబడతారు. అపొస్తలులు "ముందు మా భాష నేర్చుకుని రండి" అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల వైపు నుంచే ఏడుగురిని పిలిచి బల్ల అప్పజెప్పారన్నమాట. స్తెఫను ప్రాణమే ఇచ్చాడు. ఫిలిప్పు సమరయకు సువార్త మోసుకెళ్లాడు.

మన పిల్లలు సణగడం కూడా మానేశారు. నా భయం అదే. సణిగేవాడు ఇంకా ఇంట్లో ఉన్నట్టు లెక్క. విడిపోతే కలవడానికి ఎన్నేళ్లు పడుతుందో మన నంద్యాల వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మనవైపు ఆంగ్లికన్లు చాలామంది కలవలేదు. కలిసింది 1975లో. ఇరవై ఎనిమిదేళ్లు. మన పిల్లలు రెండేళ్లలో కాలేజీలకు పోతారు, వాళ్ల విషయంలో మన దగ్గర అంత గడువు లేదు.

అన్నలూ, అక్కలూ, బతిమాలుతున్నాను. మైకు కొన్నాళ్లు వదలండి. పాట శ్రుతి తప్పితే తప్పనివ్వండి, ప్రార్థన సగం ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి. ఆ పిల్లల దగ్గరికి వెళ్లి "ఆ రోజు పొరపాటు మాది" అని ఒక్క మాట అనండి. పాస్టరుగారు చెప్పాలని చూడకండి, ఎవరి పిల్లలతో వాళ్లే ఇంట్లో అనొచ్చు. మా పాపతో నేను అన్నాను. వెంటనే ఏమీ మాట్లాడలేదు. రాత్రి వచ్చి, "స్లైడ్స్‌లో తెలుగు పాటలకు స్పెల్లింగు తప్పులున్నాయి, ఎవరు దిద్దుతారు?" అంది.

ఇక కొన్ని విషయాలు. ఈస్టరు ఉదయం వంద మందికి ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టిన అక్కలకు నిండు కృతజ్ఞతలు. వచ్చేసారి గిన్నెలు కమిటీ సభ్యులు కడుగుతారని తీర్మానం అయింది, మినిట్స్‌లో రాసుకున్నాం. ఆత్మకూరు పదో తరగతి పిల్లల పుస్తకాల నిధికి పంపినవాళ్లు రసీదులు కోశాధికారి దగ్గర తీసుకోండి. గత సంచికలో పెళ్లి ఫొటోల కింద పేర్లు తారుమారయ్యాయి, ఆ రెండు కుటుంబాలూ క్షమించాలి. చిరునామా మారినవాళ్లు దయచేసి తెలపండి. ఏడాది చందా ఇంకా సగం మంది కట్టలేదు. వచ్చే సంచికకు పిల్లలు ఏ భాషలో రాసిచ్చినా వేస్తాం.

మే మొదటి శనివారం సాయంత్రం పార్కులో నెట్ కడుతున్నాం. జట్టుకు ముగ్గురు పెద్దలు, ముగ్గురు పిల్లలు. పేర్లు చీటీలు తీసి కలుపుతాం.

ఆరాధనలో వాక్య పఠనం, ప్రకటనలు, పాటలు, సౌండు, కానుకల లెక్క, వంటగది పనులకు కొత్త పట్టిక ద్వారం పక్క బల్ల మీద పెట్టాం. ప్రకటనల వరసలో నా పేరు కొట్టేశాను. మే, జూన్ నెలల గడులన్నీ ఖాళీగా ఉన్నాయి. పెన్ను దారంతో కట్టి ఉంచాం.