నీళ్ళు పడకపోవడం

బిలాస్‌పూర్ నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ నెల మన శీర్షికకు ఆధారం. వారి భర్తకు అక్కడి నుండి విశాఖపట్నానికి బదిలీ అయింది. “మా అత్తగారు, మామగారు విజయనగరం నుండి మా క్వార్టర్సుకు వచ్చినప్పుడల్లా మూడవ రోజుకల్లా కడుపు చెడి మంచం పడుతూ వచ్చారు. అదే కుళాయి నీరు త్రాగే మా పిల్లలకు మాత్రం ఏమీ కాదు. ఇప్పుడు మేము పిల్లలతోనూ, కుక్కతోనూ రైలులో బయలుదేరుతున్నాము. దారిలో కుళాయి నీరు త్రాగవచ్చునా? పిల్లలకు కాచిన నీరు తీసుకువెళతాను గాని, కుక్కకు కూడా మోయాలంటారా?” అని వారి ప్రశ్న.

చివరి వాక్యం చదివి నేను కొంతసేపు ఆగిపోయాను. ఆ కారణం తరువాత చెబుతాను.

మన ఇళ్ళలో కొత్త ఊరు వెళ్ళి జబ్బు చేసిన వారిని చూసి “అక్కడి నీళ్ళు పడలేదు” అంటాము. మాట చక్కనిదే గాని, అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. నీటిలో కరిగి ఉన్న లవణాలు ఒకటి, నీటిలో బ్రతికి ఉన్న క్రిములు మరొకటి. ఈ రెండింటి తేడాను బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణం చరిత్రే బాగా చెబుతుంది.

బెంగాల్–నాగపూర్ రైల్వే వారు నాగపూర్ నుండి ఆసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. ఆ మార్గం మీద పెరిగిన ఊరు బిలాస్‌పూర్. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం కూడా పూర్తికావడంతో ఉత్తరాంధ్ర జిల్లాలకు దగ్గర దారి ఏర్పడింది. రైలు పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఈనాటికీ బుధవారీ బజారులో తెలుగు మాట వినబడితే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ ఆవిరి యంత్రాల కాలంలో ఇంజనుకు పోసే నీటిని మనుషులు త్రాగే నీటికన్న శ్రద్ధగా పరీక్షించేవారేమో అనిపిస్తుంది. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే బాయిలరు గొట్టాలలో సున్నపు పెచ్చు కట్టి, బొగ్గు వృథా అయి, చివరకు గొట్టమే పగిలిపోతుంది. అందువల్ల కఠినమైన నీటిలో సున్నం, సోడా కలిపి మెత్తబరచిన తరువాతనే ఇంజనుకు పోసేవారు. ఆ నీటిలో విరేచనాల క్రిములు ఎన్ని ఉన్నా ఇంజనుకు చింత లేదు, అది వాటిని ఎటూ మరిగించివేస్తుంది. మనిషి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. లవణాలు కొంచెం అటూ ఇటూ అయినా కడుపు సర్దుకుంటుంది. క్రిములను మాత్రం ఓర్వలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ త్రాగునీటికి నిర్ణయించిన ఐ.ఎస్. 10500 కూడా ఇదే దృష్టితో ఉన్నది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మంచిది, వేరే నీరు దొరకని చోట 2000 వరకు అనుమతించవచ్చు అన్నారు. ఆ విషయంలో అంత వెసులుబాటు. కాని మలసంబంధమైన క్రిమి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనబడరాదు. అక్కడ వెసులుబాటు లేదు.

ఫ్లోరైడు విషయం కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించినది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో, అంటే నేటి ప్రకాశం ప్రాంతంలో. నల్గొండ బాధ అందరికీ తెలిసినదే. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అయితే అది సంవత్సరాల తరబడి త్రాగేవారి ఎముకలను పట్టే బాధ. నాలుగు రోజుల అతిథికి దాని భయం లేదు. అతిథిని పడుకోబెట్టేవి క్రిములే.

ఇక లేఖలోని అత్తగారి సంగతి. పిల్లలు అక్కడే పుట్టి పెరిగినవారు. ఆ పరిసరాలలోని సాధారణ క్రిములను వారి శరీరాలు చిన్ననాటి నుండి ఎదుర్కొని కొంత అలవాటు పడి ఉంటాయి. పెద్దలకు అవి కొత్త. అందువల్ల “పిల్లలకు ఏమీ కావడం లేదు గనుక మా నీరు మంచిది” అనుకోవడం పొరపాటు. అదే పెద్దలు విజయనగరంలో నిశ్చింతగా త్రాగే నీరు ఈ పిల్లలకు పడకపోవచ్చును కూడా. ఇంకొక అనుమానం కూడా నాకున్నది. కుళాయిలో మంచిగా వచ్చిన నీరు వంటింటి బిందెలో చెడిపోవడం మన ఇళ్ళలో నిత్యం జరిగేదే. చేయి ముంచి గ్లాసుతో తోడుకునే బిందె ఉన్న ఇంట్లో కుళాయిని మాత్రమే నిందించలేము.

బిలాస్‌పూర్ నానుకొని అర్పా నది ఉన్నది. వేసవిలో దానిలో ఇసుకే ఎక్కువ. పట్టణం చిరకాలం బోరు నీటి మీదనే ఆధారపడింది. ఖుటాఘాట్ జలాశయం నుండి నీటిని తెచ్చే పథకాన్ని తరువాత చేపట్టారు. నీరు ఎక్కడిదైనా, ఏ ఊరిలోనైనా రోజుకు కొన్ని గంటలు మాత్రమే సరఫరా ఉన్నచోట ఒక చిక్కు ఉన్నది. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పోతుంది. అప్పుడు ఎక్కడైనా చిన్న పగులు ఉండి, ప్రక్కనే మురుగుకాలువ ఉంటే, ఆ మురుగును గొట్టం లోపలికి పీల్చుకుంటుంది. మళ్ళీ నీరు వదిలినప్పుడు మొదట వచ్చేది అదే. కనుక మొదటి ధారను కొంతసేపు వృథాగా వదిలి, తేటపడిన తరువాత పట్టుకోవాలి. ఆ నీటితో మొక్కలు తడిపితే వృథా కూడా కాదు.

ఇది ఒక్క ఊరి విషయం కాదు. 2018 మార్చిలో గుంటూరులో మురుగు కలిసిన కుళాయి నీరు ప్రాణాలు తీసింది. 2024 జూలైలో బిలాస్‌పూర్ జిల్లాలోనే రతన్‌పూర్‌లో, అదే సంవత్సరం అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. లేఖ వ్రాసిన సోదరి పుట్టిల్లు, మెట్టినిల్లు, కాపురమున్న ఊరు, వీటిలో దేనినీ మినహాయించలేము.

క్లోరిన్ కలిపిన నీరు కదా అని కొందరంటారు. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. ఆ కొద్దిపాటి వాసన మంచి గుర్తే. కాని దాని శక్తికి హద్దు ఉన్నది. 1955 చివర ఢిల్లీలో వజీరాబాద్ నీటి కేంద్రం వద్ద యమునలోకి మురుగు ఎదురెక్కింది. అక్కడివారు గమనించి క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు. కాని కొన్ని వారాలకు పచ్చకామెర్లు వ్యాపించి, సుమారు 29,000 మందికి సోకాయి. బాక్టీరియా చచ్చినా వైరస్ చావలేదు. దానినే తరువాతి కాలంలో హెపటైటిస్–ఇ అన్నారు. గర్భిణీ స్త్రీలకు అది ప్రాణాంతకం కాగలదు. అందుచేత బదిలీ ప్రయాణంలో గర్భిణి ఉన్న కుటుంబాలు కాచిన నీరు తప్ప మరొకటి ముట్టకపోవడమే మేలు. కాచడమంటే ఇరవై నిమిషాలు గ్యాసు తగలబెట్టనక్కరలేదు. నీరు తెర్లి, బుడగలు ఆగకుండా పొంగడం మొదలైన తరువాత ఒక నిమిషం చాలు. మూత పెట్టి చల్లార్చి, అదే మూతతో ఉంచాలి. కాచిన నీటిలో కాపలా కాసే క్లోరిన్ ఉండదు గనుక మురికి చేయి తగిలితే మళ్ళీ మొదటికే వస్తుంది. మన పెద్దల మరచెంబును నేను ఈనాటికీ మెచ్చుకుంటాను. బిగించిన మూత, వంచి పోసుకునే నోరు, చేయి ముంచే వీలే లేదు.

ఇక రైలు. కుళాయిలన్నీ ఒకటి కావు. పెట్టెలోని వాష్‌బేసిన్ కుళాయిది చేతులు, ముఖం కడుగుకునే నీరు. అది స్టేషన్లలో గొట్టాలతో పైతొట్టెకు ఎక్కించినది, త్రాగడానికి ఉద్దేశించినది కాదు. దానితో నోరు పుక్కిలించే అలవాటు కూడా మానుకోవాలి. పట్టాల మధ్య కనబడే గొట్టాలు ఆ తొట్టెలను నింపడానికే. ప్లాట్‌ఫారం మీద “త్రాగునీరు” అని వ్రాసి ఉన్న కుళాయి వేరు. దాని నీటిలో క్లోరిన్ ఉన్నదీ లేనిదీ రైల్వే సిబ్బంది పరీక్షిస్తుంటారు. ఆరోగ్యవంతులైన పెద్దలు అవసరమైతే దానిని త్రాగవచ్చునని నా అభిప్రాయం. అయితే సీసా మూతిని కుళాయికి తాకించకూడదు. చుట్టూ నాచు పట్టి, నీరు నిలిచి ఉంటే వదిలివేయాలి. అదీ కాకపోతే రైల్ నీర్ ఉన్నది. దానిని తయారుచేసే కర్మాగారాలలో ఒకటి బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. ఏ సీసా కొన్నా సీలు చూసి కొనండి, ఖాళీ అయిన తరువాత నలిపి పారవేయండి.

కుక్క విషయానికి వస్తాను. ఎ.సి. మొదటి తరగతిలో కూపే మొత్తం మీ కుటుంబానికే కేటాయిస్తే దానిని వెంట ఉంచుకోవచ్చును. లేదా పార్సిల్ కార్యాలయంలో బుక్ చేసి బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలో పంపాలి. గార్డు, అంటే 2022 నుండి ట్రైన్ మేనేజరు, ఆ వ్యానులోనే ఉంటారు గాని, కుక్కకు తిండి, నీరు చూడవలసినది యజమానే. కోర్బా–విశాఖ రైలులో ఒక రాత్రంతా, తిరుపతి రైలులో అయితే ఒక రోజుకు పైగా ప్రయాణం.

చాలా సంవత్సరాల క్రితం నేనూ ఇటువంటి బదిలీ ప్రయాణమే చేశాను. మా జిమ్మీ బ్రేక్‌వ్యానులో ఉన్నది. మా అమ్మాయి మరచెంబులో కాచిన నీరు ఇంకా సగం మిగిలి ఉన్నది. “అవి పిల్లల నీళ్ళు” అని నేను దానిని ముట్టలేదు. దారిలో ఒక స్టేషనులో రైలు చాలాసేపు ఆగితే, జిమ్మీని దింపి, కారుతున్న గొట్టం క్రింద నిలిచిన మడుగులో కడుపునిండా త్రాగనిచ్చాను. ఇల్లు చేరిన వారం రోజులకు అది తిండి మానివేసింది. తరువాత కళ్ళు పచ్చబడ్డాయి. పశువైద్యులు చూసి ఎలుక జ్వరం, అనగా లెప్టోస్పైరోసిస్ అన్నారు. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి నుండి అది వస్తుంది. ఆ మడుగు నుండే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేదు. నాకు మాత్రం సందేహం లేదు. ఆ సంవత్సరం టీకా కూడా వేయించలేదు, సామాను సర్దే హడావుడిలో మరచిపోయాము. పదకొండవ రోజున అది పోయింది. ఆ జబ్బు కుక్క మూత్రం నుండి మనుషులకు సోకుతుందని అప్పుడే తెలిసింది. రోజూ దాని చోటు కడిగినది మా అమ్మాయి. దాని రక్తపరీక్ష ఫలితం వచ్చేవరకు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఫలితం మంచిదే వచ్చింది. “నా నీళ్ళు ఉన్నాయి కదా నాన్నా, అవే పోయవలసింది” అని అది అన్న మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది.

కాబట్టి సోదరీ, మోయాలంటాను. బరువేమీ ఎక్కువ కాదు. కుక్కకు రోజుకు దాని బరువులో కిలోకు 50 నుండి 60 మిల్లీలీటర్లు కావాలి. 15 కిలోల కుక్కకు లీటరుకు కొంచెం తక్కువ, ఎండాకాలంలో నాలుక వేలాడవేసి ఒగరుస్తుంది గనుక మరికొంత ఎక్కువ. క్లోరిన్ కలిసిన మంచి కుళాయి నీరు కుక్కకు హాని చేయదు. వాసన గిట్టక మూతి త్రిప్పుకుంటే కొంతసేపు వెడల్పు గిన్నెలో ఉంచి పెట్టండి. ఇంటి గిన్నెనే తీసుకువెళ్ళండి. రైలు ఆగినప్పుడల్లా కొంచెం కొంచెంగా పోయండి. మడుగులు, మరుగుదొడ్డి నీరు మూతి పెట్టనివ్వవద్దు. బయలుదేరే ముందు పశువైద్యుని కలిసి టీకాల తేదీలు చూపించండి, గడువు తీరి ఉంటే ప్రయాణానికి కొన్ని వారాల ముందే వేయించాలి. దారిలో దానికి వాంతులు, విరేచనాలు అయితే మన మందులు ఇవ్వకండి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం, నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకు ప్రమాదకరం.

లేఖ అడుగున చిన్న అక్షరాలతో మీ అబ్బాయి తన చేపల తొట్టెను గురించి కూడా అడిగాడు. బాబూ, మనకు మేలు చేసే ఆ క్లోరినే చేపల మొప్పలను కాల్చివేస్తుంది. విశాఖలో కుళాయి నీరు పట్టి ఒక పగలూ రాత్రీ వెడల్పు తొట్టెలో మూత లేకుండా ఉంచి, ఆ తరువాతనే చేపలను వదలాలి. కాని రైలులో చేపలు వద్దు. ప్రక్క క్వార్టర్సులో నీ స్నేహితుడెవరైనా ఉంటే అతనికి ఇచ్చివేసి, నీరు మార్చే పద్ధతి ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వు.