కొత్త తరం ఎవరిది?

ఒక కారు విడుదలను గురించి సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులు ముక్కున వేలేసుకోవచ్చు. దానికి నా సమాధానం ఒక్కటే. మా కళాశాల విద్యార్థులు ఏడాదికి ఎన్ని నవలలు చదువుతారో నాకు తెలుసు. చేతిలోని ఫోనుల్లో ఎన్ని కార్ల వర్ణనలు చదువుతారో, వింటారో కూడా తెలుసు. రెండో లెక్క మొదటి దానికి ఎన్నో రెట్లు. జనం ఇంత విస్తారంగా చదివే రచన వాళ్ల మనసుల మీద పనిచేయక మానదు. విమర్శకుడు దాని జోలికి పోకపోతే అది అతని అభిరుచి గొప్పతనం కాదు, బాధ్యత తప్పించుకోవడం.

2022 జూలైలో హోండా కంపెనీ సివిక్ టైప్ ఆర్ అనే కారు కొత్త తరాన్ని లోకానికి చూపించింది. వెనక అద్దంతో సహా తలుపు పైకి లేచే కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. సివిక్ మామూలు సంసారులు వాడుకునే కారు. దానికే బలమైన ఇంజను, బిగువైన చక్రాల అమరిక, వెనక పెద్ద రెక్క, లోపల ఎర్రటి సీట్లు పెట్టి, వేగం మీద మోజున్నవాళ్లకోసం చేసిన రకం టైప్ ఆర్. మొట్టమొదటిది 1997లో జపానులో వచ్చింది.

విడుదల సందర్భంగా పుట్టిన రచనలను కాస్త ఓపికగా చదివితే తెలుగు ఎం.ఏ. చదివినవాడికి పాత స్నేహితుడు ఎదురైనట్టుంటుంది. అది అచ్చంగా ప్రబంధం. మొదట వంశవర్ణన: ఈ కారు వేసుకున్న తెల్లరంగు, 1965లో మెక్సికో పందెంలో హోండాకు మొదటి ఫార్ములా వన్ విజయం తెచ్చిన బండి రంగుకు వారసత్వం. తరవాత నఖశిఖ వర్ణన: ముఖం ఇంత వెడల్పు, నడుము ఇంత కిందికి, వెనక మూడు పొగగొట్టాలు. తరవాత పరాక్రమ వర్ణన: రెండు లీటర్ల టర్బో ఇంజను, జపాను లెక్కలో పాత తరానికి 320 అశ్వబలమైతే కొత్త తరానికి 330. సుజుకా పందెపు బాటను ఈ కారు 2 నిమిషాల 23.120 సెకన్లలో చుట్టివచ్చింది. పాత తరం కారు కంటే సెకను కూడా నిండని తేడా. ఆ సెకనులోపు తేడాకోసం ఎన్ని పుటలు ఖర్చయ్యాయో చెప్పనలవికాదు.

ప్రబంధనాయిక కట్టిన చీరను కవి పది పద్యాల్లో వర్ణిస్తాడు. చీర నేసిన సాలెవాడు మాత్రం కావ్యంలోకి రాడు. రాకపోవడానికి కవి మరుపు కారణం కాదు. సాలెవాడు వస్తే అతని కూలి వస్తుంది, కూలి వస్తే పన్ను వస్తుంది, పన్ను వస్తే కృతిపతి వస్తాడు. కృతిపతి ఆ దారిన రావడం కృతిపతికి ఇష్టముండదు.

ఇప్పుడు ఆ సాలెవాణ్ణి వెదుకుదాం.

2001 నుంచి 2021 దాకా టైప్ ఆర్ హ్యాచ్‌బ్యాక్ నాలుగు తరాలు తయారైంది జపానులో కాదు, ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో. అక్కడి కార్మికులు చేసిన కార్లు ఓడలెక్కి జపానుకే తిరిగివెళ్లాయి. 2017 నాటి తరం అమెరికాకు కూడా వెళ్లింది. పట్టణం అంచున సౌత్ మార్‌స్టన్ అనే గ్రామం దగ్గర పాత విమానాశ్రయ స్థలాన్ని హోండా 1985లో కొన్నది. 1989లో ఇంజన్లు, 1992లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. 2018లో ఆ కార్ఖానా నుంచి బయటికొచ్చిన కార్లు లక్షన్నరకు పైమాటే.

2019 ఫిబ్రవరి 19న, కార్ఖానా మూసేస్తామని హోండా ప్రకటించింది. ఆ వార్త ముందురోజే వార్తాసంస్థలకు పొక్కింది. 2021 జూలై 30న కార్ఖానా మూతపడింది. ప్రకటన నాటికి అక్కడ నేరుగా పనిచేస్తున్నవాళ్లు సుమారు 3,500 మంది. కార్ఖానాకు విడిభాగాలు పంపే చిన్న కంపెనీలలో ఉపాధి పోయినవాళ్లు వేరే. స్థలాన్ని గిడ్డంగులు కట్టే కంపెనీ కొనుక్కుంది. కార్ఖానా మూతపడి ఏడాది నిండకముందే, జపానులోని యొరీ కార్ఖానా పేరుమీద కొత్త తరం టైప్ ఆర్ విడుదలైంది.

మూసివేతకు కంపెనీ చెప్పిన కారణం వినదగినది. లోకం విద్యుత్ కార్లవైపు మళ్లుతున్నదట. ఆ మార్పుకోసం పెట్టుబడిని పెద్ద మార్కెట్ల దగ్గర కేంద్రీకరించాలట. సరే. మరి మూసివేసిన ఏడాదికి వచ్చిన ఈ కొత్త తరం దేనిమీద నడుస్తుంది? పెట్రోలు మీద. అందులో బ్యాటరీతో నడిచే మోటారు ఒక్కటి కూడా లేదు. విద్యుత్ యుగం వచ్చిందని చెప్పి పెట్రోలు కారు చేసే కార్మికుణ్ణి ఇంటికి పంపారు; తరవాత అదే పెట్రోలు కారును వేరే దేశంలో చేసి, మెరుగు పెట్టి, కొత్త తరమని ఊరేగించారు. యూరపు, జపాను దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. జపాను కార్లమీద యూరపు వేసే 10 శాతం సుంకాన్ని అది క్రమంగా తొలగిస్తుంది. మూసివేత ప్రకటన వచ్చింది ఆ తరవాత 18 రోజులకు. ఇది ఒక్కటే కారణమని నేననను. సుంకం తగ్గే చోట పెట్టుబడి కార్మికుడి పక్కన కూర్చోదని మాత్రం అంటాను. కంపెనీ నష్టాల్లో మునిగి ఉంటే ఒక మాట. 2022 మార్చితో ముగిసిన ఏడాదికి హోండా లాభం 70,000 కోట్ల యెన్‌లకు పైనే.

విడుదల రచనల్లో ఇదంతా ఏమైంది? పూర్తిగా లేదనను. కొన్ని సమీక్షల్లో ఒక్క ముక్క కనబడుతుంది: ఈ తరం ఇప్పుడు జపానులో తయారవుతోంది అని. ఈ వాక్యాన్ని వ్యాకరణం దృష్టితో చూడండి. 'తయారవుతోంది.' ఎవరు చేస్తున్నారు? తెలియదు. ఇంతకుముందు ఎవరు చేసేవారు? తెలియదు. చేసేవాళ్లు ఏమయ్యారు? అడగనే కూడదు. చెట్టున కాయ కాసినట్టు, ఆకాశాన మబ్బు పట్టినట్టు, కారు తనంతట తాను తయారవుతుంది. 'చేయు' అనే క్రియ తీసి 'అవు' అనే క్రియ పెట్టడంతో 3,500 మంది మనుషులు వాక్యంలోంచి బయటికి పోయారు. కార్ఖానా గేటు మూయడం కంటే ఇది తేలిక పని. కాని రెండు పనులూ ఒకదానికొకటి తోడు. మొదట మనుషులను పనిలోంచి తీస్తారు, తరవాత వాక్యంలోంచి తీస్తారు. వాక్యంలో లేని మనిషికోసం ఎవరూ బాధపడరు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. సమీక్షకుడి పని కారు ఎలా నడుస్తుందో చెప్పడం. కార్ఖానా సంగతి వార్తాపత్రికల పని. మూసివేత వార్త ఆ పత్రికల్లో వచ్చింది గదా, ఇంకా గోలెందుకు, అంటారు. ఈ వాదన మనకు కొత్తది కాదు. కావ్యంలో శిల్పం చూడు, వస్తువు జోలికి పోకు అని శుద్ధ శిల్పవాదులు చెప్పేది ఇదే. వాళ్లకిచ్చిన సమాధానమే వీళ్లకూ ఇవ్వవచ్చు. కాని వీళ్ల విషయంలో ఇంకా సులువైన సమాధానముంది. సమీక్షలో చరిత్రకు చోటు లేదని వాళ్లే నమ్మడం లేదు. 1965 నాటి పందెం సంగతి ఎవరు చెప్పారు? వాళ్లే. సివిక్‌కు యాభై ఏళ్లు నిండాయని చెప్పిందెవరు? వాళ్లే. 57 ఏళ్ల కిందటి విజయం కారులో భాగమైనప్పుడు, ఏడాది కిందటి మూసివేత ఎందుకు కాదు? కాబట్టి తగువు చరిత్ర ఉండాలా వద్దా అని కాదు, ఎవరి చరిత్ర ఉండాలన్నదే తగువు. గెలిచిన బండి రంగుకు వారసత్వముంది. ఆ రంగు వేసిన చేతికి లేదు.

మన మిత్రులలో కొందరు చెప్పే మాట ఇంకోటుంది. ఇది డబ్బున్నవాళ్ల ఆటవస్తువు, శ్రామికుల పక్షాన నిలబడేవాడికి దీనితో పనేమిటి అంటారు. ఆటవస్తువన్నది నిజమే. ఇంగ్లండులో 2017 నాటి తరం 30,995 పౌన్లకు మొదలైతే, కొత్త తరం 46,995 పౌన్లకు మొదలైంది. మన లెక్కలో నలభై లక్షల పైమాట. అయినా ఈ ఈసడింపు నాకు సమ్మతం కాదు. గేరు మార్చినప్పుడు చేతికి తగిలే ఆ నున్నదనం, మలుపులో నేలను పట్టుకుని నిలిచే ఆ బిగువు డబ్బున్నవాడు సృష్టించినవి కావు. వాడు కొన్నాడు, అంతే. అవి వేలమంది మనుషుల నైపుణ్యం. ఆ కారును చూసి మా విద్యార్థి కళ్లు మెరిస్తే నేనతన్ని మందలించను. నువ్వు మెచ్చుకుంటున్నది మనిషి చేతి పనిని అని గుర్తుచేస్తాను. యంత్రాన్ని ద్వేషించడం కార్మికోద్యమం బాల్యంలోనే వదిలేసిన పొరపాటు. దాన్ని మళ్లీ నెత్తికెత్తుకోవలసిన అగత్యం మనకు లేదు.

అయితే కార్ఖానాను, అందులోని మనిషిని సాహిత్యంలోకి తేవడం సాధ్యమా? సాధ్యమనడానికి సాక్షి ఆ సౌత్ మార్‌స్టన్ గ్రామంలోనే ఉన్నాడు. ఆల్ఫ్రెడ్ విలియమ్స్ 1877లో అక్కడ పుట్టాడు. స్విండన్‌లో 1843లో వెలసిన రైల్వే కార్ఖానాలో ఆవిరి సమ్మెట దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. పని చేస్తూనే లాటిన్, గ్రీకు నేర్చుకున్నాడు. ఆరోగ్యం చెడి 1914లో పని మానేశాక, మరుసటి ఏడు రైల్వే కార్ఖానా జీవితాన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. కొలిమి వేడి, రాత్రిపాళీ అలసట, మేస్త్రీల పెత్తనం, పనివాళ్ల హాస్యం లోపలివాడు చూసినట్టుగా రాశాడు. మొదటి యుద్ధకాలంలో సైనికుడుగా మన దేశానికి వచ్చాడు. తరవాత సంస్కృతం నేర్చుకుని పంచతంత్ర కథలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1930లో పేదరికంలో చనిపోయాడు. అతని ఊరి పొలిమేరలోనే తరవాత హోండా కార్ఖానా వచ్చింది. 1986లో రైల్వే కార్ఖానా మూతపడింది. 2021లో కార్ల కార్ఖానా మూతపడింది. పట్టణంలో తరాలు ఇలా మారుతాయి. ఒక సమ్మెటవాడు పంచతంత్రం దాకా చేయి చాచగలిగాడు. మన సమీక్షకుడు కారు బానెట్టు అవతలికి చూడలేకపోతున్నాడు.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అని తీరిగ్గా ఉండే వీలు మనకు లేదు. అదే హోండా కంపెనీ ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో 1997 నుంచి నడిపిన కార్ల కార్ఖానాలో 2020 డిసెంబరులో ఉత్పత్తి ఆపేసింది. దానితో మన దేశంలో సివిక్ కారు కూడా ఆగిపోయింది. మన రాయలసీమలో పెనుకొండ దగ్గర 2019 నుంచి వేరొక కంపెనీ కార్లు తయారుచేస్తున్నది. అక్కడ పనిచేసే కుర్రవాళ్లలో మన శిష్యులూ, మన శిష్యుల తమ్ముళ్లూ ఉంటారు. ఆ కార్ల కొత్త తరం విడుదలైన ప్రతిసారీ మన పత్రికలు పుటల కొద్దీ రాస్తాయి. ఆ పుటల్లో ఎన్ని రంగులో, ఎన్ని అశ్వబలాలో ఉంటాయి. బండి బిగించినవాడి పాళీ ఎన్ని గంటలు, వాడిది శాశ్వత ఉద్యోగమా, కాంట్రాక్టు కూలా అన్నది ఉంటుందా? ఉండాలని మనం అడిగామా?

స్విండన్ కార్మికులను తొలగించి తెచ్చిన కొత్త తరానికీ అక్కడ ఎంతో ఆయుష్షు దక్కలేదు. పొగ నిబంధనల కారణంగా యూరపులో దాని అమ్మకం ముగిస్తున్నామని 2025 జనవరిలో హోండా ప్రకటించింది. వీడ్కోలు గుర్తుగా 40 కార్లు ప్రత్యేకంగా చేసింది. అందులో ఇంగ్లండుకు దక్కినవి పది. ఒక్కొక్కదానికి వరసనంబరు వేసి మరీ అమ్మింది. నలభై కార్లకు నలభై నంబర్లు. మూడువేల అయిదు వందల మంది మాత్రం లెక్కలో ఒక మొత్తం.

మనం చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఇకమీద ఏ కొత్త తరం సరుకు విడుదలైనా, దాన్ని పొగిడే రచన మన ముందుకు వచ్చినప్పుడు, తరగతి గదిలోనైనా పత్రికలోనైనా 'అవుతోంది' అన్న చోట వేలు పెట్టి, చేస్తున్నదెవరని అడుగుదాం. కర్త దొరికేదాకా ఆ వాక్యం పూర్తికాలేదని మన పిల్లలకు నేర్పుదాం. వ్యాకరణం బోధించేవాళ్లం, ఇంతమాత్రం మన చేతిలో పనే.