ఊపిరి పీల్చడం కూడా ఒకరు నేర్పాలా?

ఫిజియోథెరపీ అనగానే మనకి గుర్తొచ్చేవి మోకాళ్ళ నొప్పులు, మెడ పట్టెయ్యడం, పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోవడం. గుండెకీ, ఊపిరితిత్తులకీ కూడా ఫిజియోథెరపీ ఉందంటే చదువుకున్నవాళ్ళు సైతం "గుండెకి ఎక్సర్‌సైజులేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అంటారు. ఆ విడ్డూరమే ఇరవై ఏళ్ళకి పైగా నా ఉద్యోగం. పొద్దున్న వార్డులో రోగులకి నేర్పుతాను, మధ్యాహ్నం క్లాసులో విద్యార్థులకి నేర్పుతాను. రెండుచోట్లా పాఠం ఒకటే, ఊపిరి ఎలా పీల్చాలి, ఎలా దగ్గాలి, ఎంత నడవాలి అన్నదే.

కోఠి నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాకా ఉన్న వీధుల్లో ఎక్కడ చూసినా చదువే. ఇక్కడ ఇంటర్ బైపీసీ పిల్లలు, అక్కడ సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, కోఠిలో ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర లావుపాటి వైద్య పుస్తకాలు బేరమాడే కుర్రాళ్ళు. బైపీసీ తీసుకున్న ప్రతి అమ్మాయికీ ఎం.బి.బి.ఎస్. కావాలి. సీటు రాకపోతే అప్పుడు మా బి.పి.టి. గుర్తొస్తుంది. "పోనీ, ఇదైనా చదవనీ" అంటూ అమ్మాయిని తీసుకొచ్చిన తండ్రులు ఎందరో. ఒకావిడైతే "పెళ్ళివారికి ఏమని చెప్పుకోమంటారు? మాలీషు చదువని చెప్పమంటారా?" అని అడిగింది. కోపం రాలేదు. ఈ మాట కొత్తదేమీ కాదు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి తమ వృత్తికి ఒక సంఘం పెట్టుకున్నారు. మాలీషు పేరుతో జరుగుతున్న చెడ్డ వ్యాపారాల గురించి పత్రికలు రాస్తుంటే, నిజాయితీగా పనిచేసే తమ పేరు పోకూడదని పెట్టుకున్న సంఘం అది. నేటి ఫిజియోథెరపీ వృత్తికి పునాది వేసినవాళ్ళు ఆ నలుగురు ఆడవాళ్ళే.

అసలు మేం చేసేదేమిటో చెబుతాను. బైపాస్‌కో, కవాటం మార్చడానికో ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోస్తారు. ఆపరేషన్ అయ్యాక స్టీలు తీగెతో కట్టేస్తారు. స్పృహ వచ్చిన రోగి నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తాడు. దగ్గు వస్తే బిగబడతాడు. దాంతో ఊపిరితిత్తుల కింది భాగం గాలి అందక ముడుచుకుపోతుంది. అక్కడే కఫం పేరుకుంటుంది. జ్వరం, న్యుమోనియా దాని వెనకాలే వస్తాయి. సర్జన్ ఎంత గొప్పగా కుట్టినా ఆ కఫాన్ని బయటికి రప్పించే మనిషి ఒకరు కావాలి. దిండుని ఛాతీకి గట్టిగా హత్తుకోమని, నిండా గాలి పీల్చి మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఆపమని, నోరు తెరిచి "హా" అని బలంగా వదలమని చెప్పి, పక్కనే నిలబడి చేయించాలి. పరిస్థితి నిలకడగా ఉంటే మర్నాడే కుర్చీలో కూర్చోబెడతాం. ఆ తర్వాత వరండాలో నాలుగడుగులు. ఇంటికి పంపేముందు మెట్లు.

మూడు రంగుల బంతులుండే ప్లాస్టిక్ పరికరం ఒకటి ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళల్లో టీవీ పక్కన కనిపిస్తుంది చూడండి. దాన్ని చేతికిస్తే పదిమందిలో ఎనిమిదిమంది బూర ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. బంతి పైకి లేచాక కాస్సేపు అక్కడే నిలపాలి. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఎవరూ ఇవ్వకపోతే పరికరం కొన్న డబ్బులు దండగ.

గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అన్న ప్రశ్న మన ఊరికి కొత్త కాదు. మత్తుకి క్లోరోఫాం ఇస్తున్న రోజుల్లో, 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు వేసి ఇదే పరీక్షించారు. ఎడ్వర్డ్ లారీ అనే రెసిడెన్సీ సర్జన్ వాటికి పెద్ద దిక్కు. రోగి నాడి కాదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి అన్నది ఆయన వాదం. క్లోరోఫాం గుండెని కూడా నేరుగా ఆపగలదని ఇరవై ఏళ్ళ తర్వాత తేలింది, అది వేరే సంగతి. ఆ రోజుల్లో ఇక్కడే వైద్యం చదివి మత్తు ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే మొదటి మహిళా ఎనస్థటిస్టుగా చెబుతారు. కోఠిలోని ఆ రెసిడెన్సీ భవనంలోకి 1949లో ఉమెన్స్ కాలేజీ వచ్చింది. ఆ వరండాల్లో తిరిగిన అమ్మాయిల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసో!

గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగకూడదని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు. 1952లో బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల్ని తొందరగా కుర్చీలో కూర్చోబెట్టి, అలా చేస్తేనే నయమని రాశారు. ప్రపంచమంతా మెల్లగా వాళ్ళ దారికొచ్చింది. మన ఇళ్ళల్లో మాత్రం 1952 ఇంకా రాలేదు.

ఇంకా చిత్రమేమిటంటే అది మగవాళ్ళకి ఒకలా, ఆడవాళ్ళకి ఒకలా రాలేదు. ఇంటాయనకి బైపాస్ అయితే మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికి అందిస్తారు, బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి ఇద్దరు పట్టుకుంటారు. మూడు నెలలు పోయాక చూస్తే కాళ్ళల్లో సత్తువ లేదు, మనసులో ధైర్యం లేదు. అదే ఇల్లాలికి కవాటం మారిస్తే పదిహేనో రోజుకల్లా పొయ్యి దగ్గర ఉంటుంది. ఛాతీ ఎముక అతుక్కోవడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదంటాం. నిండు బిందె పది కిలోల పైమాటే. తడి దుప్పటి పిండడం, రుబ్బురోలు, చంకలో మనవడు, వీటిలో ఏదీ ఇంట్లోవాళ్ళ లెక్కలో బరువు కాదు. "నేనేం పని చేశానమ్మా, ఊరికే ఇంటిపనేగా" అంటుంది ఆవిడ కూడా.

గుండెజబ్బు తర్వాత పద్ధతి ప్రకారం చేయించే వ్యాయామం వల్ల మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం తగ్గుతుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. వాటికి డాక్టర్లు పంపేదీ తక్కువమంది ఆడవాళ్ళనే, వచ్చేదీ తక్కువమందే. అమెరికాలోనూ ఇదే కథ. మన దగ్గరైతే "ఎవరు తీసుకొస్తారు? ఆటోకి ఎవరిస్తారు?" అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది.

ఆయాసం సంగతి ఇంకా అన్యాయం. ఏటా జూన్‌లో మృగశిర కార్తెకి చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఎంత జనం వస్తారో చూస్తున్నాం. దానితో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మేవాళ్ళతో నాకు గొడవ లేదు, ఇన్‌హేలరు మాత్రం మానకండి అంటాను. ఆ క్యూలని చూస్తే, ఊపిరి అందని బాధ ఎంతమందికుందో అనిపిస్తుంది. బీడీ ముట్టని ఆడవాళ్ళకి కూడా ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వాళ్ళు డాక్టరు దగ్గరికి రారు, "వయసు మీద పడింది" అనుకుని మెట్లెక్కడం మానేస్తారు. ముక్కుతో పీల్చి, వేడి టీని ఊదినట్టు పెదాలు చిన్నగా చేసి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలడం నేర్పితే చాలామందికి ఆయాసం కుదుటపడుతుంది. నెమ్మదిగా నడక పెంచితే ఆగిపోయిన మెట్లు మళ్ళీ ఎక్కుతారు. మందు మానమనడం కాదు ఇది. మందుతో పాటు చేయాల్సింది.

ఈ పనిని పుస్తకం చూసి నేర్పలేం. నా విద్యార్థులు ముందు తమ పక్కటెముకల మీద అరచేతులు పెట్టుకుని ఊపిరి ఎక్కడికి వెళ్తోందో గమనిస్తారు. తర్వాత పక్కనున్న స్నేహితురాలి మీద. ఆ తర్వాతే రోగి దగ్గరికి. అందుకే పాఠాలు చెప్పేవాళ్ళు వార్డు మానేస్తే నాకు నచ్చదు. వారానికి మూడు రోజులైనా రోగి మంచం పక్కన నిలబడని టీచరు నాలుగేళ్ళలో పాతబడిపోతుంది. నేను చదువుకున్నప్పుడు కఫానికి వీపు మీద దోసిలితో తట్టడమే ముఖ్యం. ఇప్పుడు చాలామందికి ఊపిరి పద్ధతులతోనే కఫం తెప్పిస్తున్నాం. మంచం దగ్గర లేకపోతే ఆ మార్పు నా చేతికి వచ్చేది కాదు.

ఇంకో మాట. ఛాతీ మీద చెయ్యి వెయ్యందే జరగని పని ఇది. పల్లె నుంచి వచ్చిన స్త్రీ మగవాడు ముట్టుకుంటే ముడుచుకుపోతుంది, సరిగ్గా దగ్గదు. ఆడపిల్లలు ఈ చదువుకి రావాలని నేననడానికి ఇదో పెద్ద కారణం. అయితే వచ్చిన పిల్లలకి ఆసుపత్రులు ఇచ్చే జీతాలు చూస్తే నోరు మెదపలేను. ఆపరేషన్ బిల్లులో మా పేరుతో ఒక పద్దు ఉంటుంది. ఆ పద్దులో ఎంత ఆ పిల్ల చేతికి వస్తోందో అడిగేవాళ్ళు లేరు.

2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' అని రాసుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక ఉత్తరం రాసి, వెంటనే వెనక్కి తీసుకుంది. మావాళ్ళు చాలా ఆవేశపడ్డారు. నాకంత పట్టింపు లేదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో మా వృత్తికి జాతీయ కమిషన్ వచ్చింది. పేరు ముందు ఏముందన్న దానికన్నా గుండె ఆపరేషన్లు చేసే ప్రతిచోటా మాకు శిక్షణ పొందిన మనిషి ఉండాలన్న నియమం కోసం ఆ కమిషన్ దగ్గర పట్టుబడితే బాగుండును.

అందాకా మీ చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను. ఇంట్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అయినా, ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నా, డిశ్చార్జి కాగితం చేతికొచ్చినప్పుడు తిప్పి చూడండి. మందుల పేర్లు పేజీ నిండా ఉంటాయి. రోజూ ఎంతసేపు నడవాలి, ఎంత బరువు ఎన్ని వారాలు ఎత్తకూడదు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవి చాలాసార్లు ఉండవు. కదలకుండా అక్కడే నిలబడి, అవి కూడా రాసివ్వమనండి. తెలుగులో రాయమనండి.